నలుగురి ముఖాలు ఒకే ఫోటోలో: లేయర్లా, మార్ఫింగా, స్క్రిప్టా, ఏఐనా?

ఒక స్నేహితుడు తన తోబుట్టువుల ఫోటోలు అయిదు ఇచ్చి, అందరినీ కలిపి ఒకే ముఖం చేసి పెట్టమన్నాడు. ఫోటో ఎడిటింగ్ బాగానే వచ్చని అప్పటికి నాకో నమ్మకం. అయిదు ఫోటోలనూ లేయర్లుగా పేర్చాను, కళ్లు కళ్ల మీదికి వచ్చేలా సర్దాను, అడుగున ఉన్నదాన్ని వదిలేసి మిగతా అన్ని లేయర్లకీ ఒపాసిటీ (ఆ పొర ఎంత దట్టంగా కనిపించాలో చెప్పే శాతం) 50 పెట్టాను. సగం సగం కాబట్టి అందరికీ సమానంగా వాటా వస్తుందనుకున్నాను. ఫోటో చూడగానే స్నేహితుడు, "ఇది మా చిన్న చెల్లెలే కదరా, కొంచెం మసకేసింది అంతే" అన్నాడు.

చెల్లెలి ఫోటో అన్నిటికన్నా పైన ఉంది. పై లేయర్ సగం వాటా తీసేసుకుంది. మిగిలిన సగంలో సగం, అంటే 25 శాతం, దాని కింద ఉన్న ఫోటోకి. ఆ కిందదానికి 12.5. అడుగున ఉన్న ఇద్దరికీ చెరో 6.25. పెద్దన్నయ్య అందులో ఉన్నా లేనట్టే.

సరైన లెక్క చాలా చిన్నది. అడుగు నుంచి మొదలుపెట్టి 100, 50, 33, 25, 20. ఎన్నో లేయరో ఆ అంకెతో 100ని భాగించి పెట్టాలి. అప్పుడే అయిదుగురికీ తలా 20 శాతం వస్తుంది. అలా చేశాక ముఖంలో అందరూ కనిపించారు గానీ చెవుల చుట్టూ నీడలు, నుదుటి మీద మూడు రకాల పాపిళ్లు, రెండు పొరల పెదవులు తేలాయి. ఒపాసిటీ లెక్క ఒకటి, ముఖాల ఆకారం కలవడం ఇంకొకటి అని అప్పుడు అర్థమైంది. ఆ తర్వాత ఉన్న దారులన్నీ ఒకటొకటిగా ప్రయత్నించాను. ఎవరికి ఏది సరిపోతుందో ఇప్పుడు కొంత ధైర్యంగా చెప్పగలను.

మీకు కావలసింది ఏ కలయిక?

"ముఖాలు కలపాలి" అని అందరూ ఒకే మాట అంటారు గానీ అందులో మూడు వేర్వేరు పనులున్నాయి. మొదటిది సగటు ముఖం: పదిమంది ఉంటే పదిమందికీ సమాన వాటా, చివరికి వచ్చేది ఎవరిదీ కాని పదకొండో ముఖం. రెండోది మధ్య ముఖం: ఇద్దరి మధ్య ఎక్కడో ఒకచోట ఆగడం, 50-50 కావచ్చు, 70-30 కావచ్చు. మూడోది అతుకుల ముఖం: అక్క కళ్లు, తమ్ముడి ముక్కు, అమ్మ చిరునవ్వు తెచ్చి ఒకే ముఖంలో కుట్టడం.

ఈ మూడిటికీ పనిముట్లు వేరు. సగటు ముఖానికి పాయింట్లు పెట్టి ఆకారాన్ని సర్దే సాఫ్ట్‌వేర్ కావాలి. అతుకుల ముఖానికి అలాంటి సాఫ్ట్‌వేర్ దాదాపు పనికిరాదు, మంచి మాస్కింగ్ (కావలసిన భాగం మాత్రం చూపించి మిగతాది దాచే సదుపాయం) ఉన్న ఎడిటర్ కావాలి. నా దగ్గరికి వచ్చి "సగటు ముఖం" అడిగినవాళ్లలో చాలామందికి నిజంగా కావలసింది మూడోది. "నాన్న ముక్కు స్పష్టంగా తెలియాలి, అమ్మ కళ్లు కూడా తెలియాలి" అన్నారంటే అది సగటు కాదు. సగటులో ఏదీ స్పష్టంగా తెలియదు, అన్నీ లీలగా తెలుస్తాయి.

ఇంకో మాట. తెలుగులో మార్ఫింగ్ అనగానే ఎవరో ఎవరి ఫోటోనో పాడుచేసిన పోలీసు కేసు గుర్తొస్తుంది. సాంకేతికంగా ఆ పదానికి అర్థం ఒక ఆకారాన్ని ఇంకో ఆకారంలోకి కొంచెం కొంచెంగా మార్చడం. ఇక్కడ ఆ అర్థంలోనే వాడుతున్నాను.

కెమెరా ప్లేటు నేర్పిన రెండు సంగతులు

ఇది కంప్యూటర్లతో పుట్టిన పని కాదు. ఇంగ్లండ్‌లో ఫ్రాన్సిస్ గాల్టన్ అనే శాస్త్రవేత్త 1878లో నేచర్ పత్రికలో దీని గురించి రాశాడు. ఒక ఫోటోని ప్లేటు (ఫిల్ముకి ముందు కెమెరాల్లో వాడిన పలక) మీద పూర్తిగా ఎక్కించడానికి 80 సెకన్లు పడితే, ఎనిమిది ఫోటోలను ఒక్కోటి 10 సెకన్ల చొప్పున అదే ప్లేటు మీద ఎక్కించాలన్నది ఆయన లెక్క. నేను ఒపాసిటీతో తప్పిన లెక్క ఇదే! ఫోటోలను కళ్ల ఆధారంగా ఒకదాని మీద ఒకటి సరిగ్గా కూర్చడం మీద కూడా ఆయన చాలా శ్రద్ధ పెట్టాడు.

నేరస్థుల ముఖాలు కలిపితే "నేరస్థుడి ముఖం" ఒకటి బయటపడుతుందని గాల్టన్ ఆశ. అది తప్పుడు ఆశ, బయటపడలేదు కూడా. కలిపిన ముఖాలు విడివిడి ముఖాల కన్నా చూడ్డానికి బాగున్నాయి. 1990లో లాంగ్లోయ్, రోగ్‌మన్ అనే ఇద్దరు మనస్తత్వ శాస్త్రవేత్తలు కంప్యూటర్‌తో 32 ముఖాల వరకు కలిపి జనానికి చూపించినప్పుడు కూడా, 16 అంతకన్నా ఎక్కువ ముఖాల సగటులకు మంచి మార్కులు పడ్డాయి. మచ్చలు, ముడతలు, వంకరలు ఒక్కొక్కరికి ఒక్కోచోట ఉంటాయి కాబట్టి కలిపినప్పుడు కరిగిపోతాయి. మీ సాఫ్ట్‌వేర్‌లోంచి వచ్చిన ముఖం "భలే అందంగా ఉందే" అనిపిస్తే అది సాఫ్ట్‌వేర్ గొప్పతనం అనుకోకండి, లెక్కలో ఉన్న గుణం అది. ఎవరి పోలికైనా తెలియాలంటే ఆ గుణమే మీకు అడ్డు తగులుతుంది.

వాటాలు అందరికీ సమానంగా ఉండాలన్న రూలు కూడా లేదు. అమెరికన్ కళాకారిణి నాన్సీ బర్సన్ 1982లో చేసిన ఒక చిత్రంలో అమెరికా నేత రీగన్‌కు 55 శాతం, సోవియట్ నేత బ్రెజ్నెవ్‌కు 45 శాతం, బ్రిటన్, ఫ్రాన్స్, చైనా నేతలు థాచర్, మిత్తరాన్, డెంగ్‌లకు తలా ఒక శాతం కన్నా తక్కువ వాటా ఇచ్చింది. ఆయా దేశాల దగ్గరున్న అణ్వాయుధాల నిష్పత్తి అది. ఆ చిత్రంలో చెప్పదలచుకున్నదంతా ఆ అంకెల్లోనే ఉంది. కాబట్టి ఎంచుకునే సాఫ్ట్‌వేర్‌లో వాటా అంకె మీ చేతిలో ఉంటుందా లేదా అన్నది చూసుకోవాలి. ఫోన్ యాప్‌లు చాలావరకు ఓడిపోయేది ఇక్కడే.

ఫోటోలు బాగుంటేనే

ఏ సాఫ్ట్‌వేరూ బాగుచేయలేనిది తప్పు ఫోటో. ఒకరు నేరుగా, ఒకరు ఓరగా చూస్తుంటే ముక్కులు కలవవు. ఒకరు పళ్లు కనిపించేలా నవ్వి, ఇంకొకరు మూతి బిగించి ఉంటే పెదవుల మధ్య బూడిద రంగు గీత ఒకటి మిగులుతుంది. వెలుగు ఒకరికి ఎడమ నుంచి, ఇంకొకరికి కుడి నుంచి పడితే సగటు ముఖం చదునుగా, అప్పడంలా తయారవుతుంది. మరీ అవసరమైతే ఒక ఫోటోని అద్దంలోలా తిప్పి వెలుగు దిక్కు కలపొచ్చు. కానీ పాపిడి, పుట్టుమచ్చ కూడా రెండో వైపుకి పోతాయని గుర్తుంచుకోండి, ఇంట్లోవాళ్లు అది వెంటనే పట్టేస్తారు.

చాలామంది పట్టించుకోనిది కెమెరా దూరం. చెయ్యి చాచి తీసుకున్న సెల్ఫీలో ముక్కు పెద్దగా, చెవులు వెనక్కి పోయినట్టు కనిపిస్తాయి. 12 అంగుళాల దూరం నుంచి తీస్తే, 5 అడుగుల నుంచి తీసిన దానికన్నా ముక్కు దాదాపు 30 శాతం వెడల్పుగా కనిపిస్తుందని 2018లో వచ్చిన ఒక వైద్య అధ్యయనం లెక్కగట్టింది. అయిదు ఫోటోల్లో ఒక్కటి సెల్ఫీ అయినా ఆ ముక్కు మిగతా నాలుగింటితో పేచీ పెడుతుంది. మళ్లీ తీయించుకునే వీలుంటే, మనిషిని కదలకుండా నిలబెట్టి, కెమెరా అయిదారు అడుగుల దూరంలో కళ్ల ఎత్తున పెట్టి, జూమ్ చేసి తీయండి. దీనికి పట్టే పావుగంట, తర్వాత ఎడిటింగ్‌లో రెండు గంటలు మిగులుస్తుంది.

మొదటి దారి: లేయర్ల ఎడిటర్

ఫోటోషాప్, గింప్, ఫోటోపీ, అఫినిటీ, ఇవన్నీ ఒక కోవలోవి. ఇద్దరు ముగ్గురి ముఖాలకు, అతుకుల ముఖానికి నా ఓటు వీటికే. ఏ అడుగులో ఏం జరుగుతోందో కంటికి కనిపిస్తుంది, నచ్చకపోతే వెనక్కి రావచ్చు.

పని ఇలా నడుస్తుంది. ఒక ఫోటోని ఆధారంగా పెట్టుకోండి. జుట్టు, మెడ, చెవులు, బట్టలు అన్నీ అందులోంచే వస్తాయి. మిగతావాళ్ల నుంచి నుదుటి మధ్య నుంచి గడ్డం దాకా ముఖం మాత్రమే తీసుకోవాలి. రెండు కంటిపాపల మీదుగా గైడ్ గీతలు పెట్టుకుని, ప్రతి ఫోటోనీ తిప్పి, చిన్నది పెద్దది చేసి, పాపలు ఆ గీతల మీదికి తేవాలి. పై లేయర్‌ని తాత్కాలికంగా డిఫరెన్స్ మోడ్‌లో పెడితే కలిసినచోట నల్లగా, కలవనిచోట తెల్లగా కనిపిస్తుంది, సర్దడం తేలిక.

ఇల్లు అలకగానే పండగ కాదు. కళ్లు కలిశాక కూడా ఒకరి మూతి ఇంకొకరి మూతి కన్నా కిందకే ఉంటుంది, ఎందుకంటే కళ్ల మధ్య దూరం సమానం చేసినంత మాత్రాన ముఖాల పొడవు సమానం కాదు. ఇక్కడ వార్ప్ చేయాలి, అంటే ముఖంలో ఆ భాగాన్ని సాగదీసి సర్దాలి. ఫోటోషాప్‌లో ఇందుకు పపెట్ వార్ప్ ఉంది. పిన్నులు గుచ్చి మూతిని, దవడను మెల్లగా లాగొచ్చు. అందులోనే ఉన్న లిక్విఫై అనే ఫిల్టర్‌లో కళ్లు, ముక్కు, నోరు వాటంతట అవే గుర్తుపట్టి స్లైడర్లు ఇచ్చే సదుపాయం 2016 నుంచి ఉంది. ముక్కు ఎత్తు, నోటి వెడల్పు సర్దడానికి అది చేత్తో లాగడం కన్నా శుభ్రంగా పనిచేస్తుంది. గింప్‌లో వార్ప్ ట్రాన్స్‌ఫామ్, కేజ్ ట్రాన్స్‌ఫామ్ ఉన్నాయి. చెయ్యి తిరిగితే వాటితోనూ అదే పని అవుతుంది, కాకపోతే కొంచెం ఓపిక కావాలి. ముఖాన్ని గుర్తుపట్టి స్లైడర్లు ఇవ్వడం గింప్‌లో లేదు.

ఆటో అలైన్ లేయర్స్ అనే పేరు చూసి ఫోటోషాప్‌లో చాలామంది సంబరపడతారు. ఒకే దృశ్యాన్ని రెండు మూడుసార్లు తీసినప్పుడు వాటిని కలపడానికి చేసిన సదుపాయం అది. వేర్వేరు మనుషుల ముఖాలకు దాన్ని నమ్ముకోలేం. నేను ప్రయత్నించినప్పుడు ఒకరి చెవి ఇంకొకరి చెంప మీదికి వచ్చింది.

అయిదారు ముఖాలు దాటితే ఒపాసిటీతో చేసే లెక్క కొంచెం ఇబ్బంది పెడుతుంది. ఫోటోషాప్‌లో ఒపాసిటీ పూర్ణాంకాల్లోనే ఉంటుంది, 33.3 పెట్టలేం. గింప్‌లో పెట్టొచ్చు. అయితే ఫోటోషాప్‌లో అంతకన్నా మంచి దారి ఉంది. లేయర్లన్నిటినీ కలిపి ఒక స్మార్ట్ ఆబ్జెక్ట్ (అన్నీ ఒకే లేయర్‌లా నడిచే మూట) చేసి, స్టాక్ మోడ్‌లో మీన్, అంటే సగటు, ఎంచుకుంటే అందరి సగటూ అదే లెక్కగడుతుంది. అఫినిటీలో స్టాక్ అనే పేరుతోనే ఇలాంటిది ఉంది. ఈ రెండిట్లోనూ మీన్ పక్కనే మీడియన్ (అన్ని విలువలనూ వరుసలో పెడితే మధ్యలో వచ్చేది) అని కనిపిస్తుంది. అది వీధి ఫోటోల్లోంచి నడిచి వెళ్లేవాళ్లను మాయం చేయడానికి బంగారం లాంటిది. ముఖాలకు వద్దు. అయిదారుగురి మీద మీడియన్ పెడితే చెంపల మీద పటం గీసినట్టు రంగు మచ్చలు తేలతాయి.

డబ్బు కట్టి ఫోటోషాప్ తీసుకోవాలా? ఈ ఒక్క పనికోసమైతే వద్దు. ఇప్పటికే ఉంటే సరే. లేకపోతే గింప్ ఉచితం. ఇన్‌స్టాల్ చేయడం కూడా ఇష్టం లేకపోతే ఫోటోపీ బ్రౌజర్‌లోనే నడుస్తుంది, మెనూలు ఫోటోషాప్‌ని పోలి ఉంటాయి, ఫోటో మీ కంప్యూటర్ దాటి పోదు. ఇంటివాళ్ల ఫోటోలతో చేసే పనికి ఆ చివరి సంగతి చిన్నదేం కాదు.

అతుకుల ముఖానికైతే ఒపాసిటీ జోలికి పోనక్కర్లేదు. కావలసిన కన్నో ముక్కో ఉన్న లేయర్‌కి నల్లటి మాస్క్ వేసి, మెత్తటి బ్రష్‌తో ఆ భాగం మాత్రం బయటికి తీయండి. అంచు ఎక్కడ పడాలన్నదే ఇక్కడ నేర్పు. ముక్కు తెచ్చుకుంటే అంచు ముక్కు గీత మీద కాదు, చెంపలో నునుపుగా ఉన్నచోట పడాలి. కళ్లు తెచ్చుకుంటే కనుబొమలతో సహా తెచ్చుకోవాలి. కనుబొమ ఒకరిది, కన్ను ఇంకొకరిది అయితే ఏదో తేడాగా ఉందని ఎవరైనా అంటారు, ఎందుకో చెప్పలేకపోయినా. రంగు తేడాలకు ఫోటోషాప్‌లో మ్యాచ్ కలర్, అంచుల దగ్గర హీలింగ్ బ్రష్. గింప్‌లో హీల్ టూల్ ఉంది. అయినా అతుకుల బొంతలా కనిపిస్తుంటే ఫోటోని నలుపు తెలుపు చేసి చూడండి. అప్పుడు బాగుంటే తేడా రంగులో ఉన్నట్టు, అప్పటికీ బాగాలేకపోతే వెలుగు దిక్కులో ఉన్నట్టు.

రెండో దారి: మార్ఫింగ్ కోసమే చేసిన సాఫ్ట్‌వేర్

ఇద్దరి మధ్య ముఖంతో పాటు ఒకరు ఇంకొకరిగా మారే చిన్న వీడియో కూడా కావాలంటే, లేయర్లతో కుస్తీ పట్టొద్దు. ఫాంటామార్ఫ్ లాంటివి ఇందుకోసమే ఉన్నాయి. రెండు ఫోటోలు పక్కపక్కన పెట్టి, ఒకదాంట్లో కంటి కొన మీద చుక్క పెడితే రెండోదాంట్లో కూడా చుక్క వస్తుంది, దాన్ని అక్కడి కంటి కొన మీదికి జరపాలి. అలా ముఖమంతా చుక్కలు పెట్టాక స్లైడర్ జరిపితే 10 శాతం నుంచి 90 శాతం దాకా ఏ ముఖమైనా వస్తుంది. ఆకారం, రంగు రెండూ కలిసి మారతాయి కాబట్టి రెండు పొరల పెదవుల గొడవ ఉండదు. దాని డీలక్స్ వెర్షన్‌లో రెండు కన్నా ఎక్కువ ముఖాలు కలపొచ్చు. స్కిర్ల్జ్ మార్ఫ్ అని ఉచితంగా దొరికే పాత విండోస్ ప్రోగ్రామ్ ఒకటుంది, దాంట్లోనూ ఎక్కువ ముఖాలు పెట్టొచ్చు. చూడ్డానికి పాతకాలం సామానులా ఉంటుంది గానీ పని చేసి పెడుతుంది.

ఈ చుక్కల ఆలోచన వెనుక మంచి కథే ఉంది. 1991లో మైకేల్ జాక్సన్ పాట వీడియో చివర్లో మనుషుల ముఖాలు ఒకదాంట్లోంచి ఒకటి పుట్టుకొస్తుంటే లోకమంతా నోరు వెళ్లబెట్టింది. దాని వెనుక పద్ధతిని బయర్, నీలీ అనే ఇద్దరు 1992లో ఒక పరిశోధన పత్రంగా ప్రచురించారు. వాళ్లు చుక్కలకు బదులు గీతలు వాడారు: ఈ ముఖంలో ముక్కు గీత, ఆ ముఖంలో ముక్కు గీత, మధ్యలో ఉన్నదంతా వాటితో పాటు జరుగుతుంది. అప్పట్లో పెద్ద స్టూడియో చేసిన పని ఇప్పుడు ఇంటి కంప్యూటర్‌లో అయిపోతుంది.

చుక్కలు ఎన్ని పెట్టాలి? కళ్లకు ఎక్కువ, చెంపలకు తక్కువ. కనురెప్పల గీత, పెదవుల మధ్య గీత, ముక్కు రంధ్రాలు, దవడ అంచు, వీటి మీద దగ్గరదగ్గరగా పెట్టండి. చెంప మీద చుక్కలు పెంచితే లాభం లేకపోగా చర్మం మీద ముడతలు పడ్డట్టు వస్తుంది.

ఇదే కోవలో నాకు బాగా నచ్చింది వెబ్‌మార్ఫ్. ముఖాల మీద పరిశోధన చేసేవాళ్ల కోసం తయారైంది. సగటు ముఖం తీయడమే దాని అసలు పని. ఆకారం, రంగు, చర్మపు టెక్స్చర్ మూడిటినీ విడివిడిగా మార్చే వీలుంది. ఒకరి ఆకారం మాత్రం మార్చి రంగు అలాగే ఉంచొచ్చు. సగటు తీశాక చర్మం ప్లాస్టిక్‌లా నున్నగా అయిపోకుండా చూసుకునే ఏర్పాటు కూడా ఉంది. పరిశోధకుల పనిముట్టు కాబట్టి బొమ్మల్లా మెరిసే బటన్లు ఉండవు, మొదటి గంట తలనొప్పిగానే ఉంటుంది.

మూడో దారి: స్క్రిప్టు

ముఖాలు పది దాటితే చుక్కలు చేత్తో పెట్టడం విసుగు. ముప్పై మంది క్లాస్‌మేట్లు, నలభై మంది ఆఫీసువాళ్లు అంటే ఇక పైథాన్ అనే ప్రోగ్రామింగ్ భాషలో రాసిన స్క్రిప్టు తప్పదు. రెండు ముఖాలకే పైథాన్ రాయడం పిచ్చుక మీద బ్రహ్మాస్త్రం, అలా చేయొద్దు. ప్రోగ్రామింగ్ కొంచెమైనా తెలియకపోతే ఈ దారిలో తెలిసినవాళ్ల సాయం తీసుకోవడమే మంచిది.

లోపల జరిగేది ఇది. డీలిబ్ అనే లైబ్రరీ (స్క్రిప్టులో వాడుకునే రెడీమేడ్ కోడ్) ఒక్కో ముఖం మీద 68 పాయింట్లు గుర్తిస్తుంది: దవడకు 17, కనుబొమలకు 10, ముక్కుకు 9, కళ్లకు 12, నోటికి 20. అన్ని ముఖాల పాయింట్ల సగటు తీస్తే సగటు ఆకారం వస్తుంది. ఆ పాయింట్ల మధ్య ముఖాన్ని చిన్నచిన్న త్రికోణాలుగా కోసి, ప్రతి ఫోటోలోని ప్రతి త్రికోణాన్నీ సగటు ఆకారంలోని తన చోటుకి సాగదీసి, ఆపైన రంగుల సగటు తీస్తారు. త్రికోణాలు కోయడానికి డెలానీ పద్ధతి, సాగదీయడానికి ఓపెన్‌సీవీ అనే ఇంకో లైబ్రరీ. కాబట్టి అన్ని ముఖాల కళ్లు, మూతులు, దవడలు ముందే ఒకచోటికి వచ్చేస్తాయి. లేయర్లతో గంటలు పట్టే పని ముప్పై ఫోటోలకైనా ఒక్క రన్‌లో అయిపోతుంది.

చిక్కులు రెండు మూడున్నాయి. ఆ 68 పాయింట్లు కనుబొమల దగ్గరే ఆగిపోతాయి, నుదుటికి జుట్టుకి ఏమీ లేదు. ఫోటో అంచుల మీద ఎనిమిది పాయింట్లు అదనంగా పెట్టి సర్దుకుంటారు గానీ జుట్టు మాత్రం పొగలా వస్తుంది. నా సలహా, పొగని వదిలించుకోవాలని చూడకండి, ముఖం వరకు కత్తిరించి ఎవరో ఒకరి జుట్టు మీద కూర్చోబెట్టండి. నుదురు కూడా కావాలంటే మీడియాపైప్ అనే లైబ్రరీలో 468 పాయింట్ల మెష్ (ముఖమంతా పరిచిన వల) ఉంది. ఇంకో సంగతి, డీలిబ్‌తో అందరూ వాడే ఆ 68 పాయింట్ల మోడల్‌ని వాణిజ్య పనులకు వాడటానికి లేదు, అది శిక్షణ పొందిన డేటా లైసెన్సు ఒప్పుకోదు. క్లయింటు కోసం చేస్తుంటే మీడియాపైప్ వైపు వెళ్లడమే క్షేమం.

సగటు తీసే ముందు ప్రతి ఫోటో మీదా పాయింట్లు గీయించి కంటితో చూసుకోండి. గడ్డం, కళ్లజోడు, కంటి మీద పడిన జుట్టు ఉన్నచోట పాయింట్లు దారి తప్పుతాయి. నలభై ముఖాల్లో రెండు తప్పినా సగటులో పెద్దగా తెలియదు. ఆరింటిలో ఒకటి తప్పితే మూతి వంకరపోతుంది.

యాప్‌లు, ఏఐ

ఫోన్ యాప్‌ల గురించి ఎక్కువ చెప్పడానికి లేదు. నవ్వుకోవడానికి బాగుంటాయి. వాటా ఎంత, ఎక్కడ అతికింది అన్నది మీ చేతిలో ఉండదు, పైగా చాలావాటిలో ఫోటో ఎవరిదో సర్వర్‌కి వెళ్తుంది. "మీకు పుట్టబోయే పాప ఇలా ఉంటుంది" అనేవి కూడా ఈ జాతే. ముఖ పోలికలు పుట్టేది రెండు ఫోటోల సగటులోంచి కాదు కాబట్టి వాటిని జాతకంలా నమ్మకండి.

ఏఐ సంగతి కొంచెం వేరు. 2018 చివర్లో ఎన్‌విడియా పరిశోధకులు స్టైల్‌గ్యాన్ అనే ముఖాలు గీసే ఏఐ మోడల్ బయటపెట్టాక, ముఖాలను అంకెల వరుసలుగా మార్చి ఆ అంకెలను కలిపే దారి విశాలమైంది. ఆర్ట్‌బ్రీడర్ అనే వెబ్‌సైట్ దీన్ని స్లైడర్లతో ఎవరైనా ఆడుకునేలా చేసింది. ఇప్పుడు చాట్‌లో రెండు ఫోటోలు ఇచ్చి "కలుపు" అంటే చాలు. వచ్చే ఫోటోలో జుట్టు పొగ ఉండదు, అతుకులుండవు, చర్మం చర్మంలానే ఉంటుంది. పైపైన చూస్తే అన్ని పద్ధతులనూ ఓడించేసింది.

కానీ అది మీవాళ్ల ఫోటోలను కలపలేదు. వాటిని చూసి కొత్త ముఖం ఒకటి గీసింది. మీ అన్నయ్య ముక్కు అందులో ఉందో లేదో ఎవరూ లెక్కగట్టి చెప్పలేరు, 60-40 అడిగితే అది నిజంగా 60-40 అనే హామీ లేదు, రేపు అదే అడిగితే ఇంకో ముఖం ఇస్తుంది. కథకి బొమ్మ కావాలి, పోస్టర్‌కి ఎవరిదీ కాని ముఖం కావాలి అంటే ఏఐని మించింది లేదు. "మా నలుగురం ఇందులో ఉన్నాం" అని గోడకు తగిలించుకునే ఫోటోకైతే నేను దాన్ని వాడను. మధ్యేమార్గంగా, ముఖం మార్ఫింగ్‌తో చేసుకుని, జుట్టు అంచులు, వెనుక గోడ లాంటివి మాత్రం ఏఐ ఫిల్‌తో (ఎంచుకున్న చోటుని ఏఐ నింపే సదుపాయంతో) శుభ్రం చేయించుకోవచ్చు.

మరి ఏది తీసుకోవాలి

రెండు ముఖాలు, ఒక ఫోటో: గింప్ లేదా ఫోటోపీ, ఒక సాయంత్రం. రెండు ముఖాలు, వీడియో కూడా: మార్ఫింగ్ సాఫ్ట్‌వేర్. మూడు నుంచి ఎనిమిది ముఖాల సగటుకి నేనైతే వెబ్‌మార్ఫ్‌నే పట్టుకుంటాను. చుక్కలు పెట్టే ఓపిక లేకపోతే ఫోటోషాప్‌లో లిక్విఫై చేసి మీన్ స్టాక్. పది దాటితే స్క్రిప్టు. ఒకరి కళ్లు ఇంకొకరి ముక్కు అయితే ఎంతమంది ఉన్నా లేయర్లు, మాస్కులే. వయసు తేడా బాగా ఉన్న ముఖాలు, అంటే తాతగారు మనవడు లాంటివి అయితే ఆకారాన్ని, చర్మాన్ని విడివిడిగా మార్చగలిగే పనిముట్టు తప్పనిసరి. లేకపోతే ముడతలు పల్చబడి ముఖం మీద మురికిలా కనిపిస్తాయి.

దేనితో చేసినా చివర్లో చర్మం నున్నబడుతుంది. ఆధార ఫోటోని ఇంకోసారి పైన పెట్టి, హై పాస్ ఫిల్టర్ (సన్నటి వివరాలు మాత్రం మిగిల్చేది) వేసి, సాఫ్ట్ లైట్ మోడ్‌లో ఒపాసిటీ బాగా తగ్గించి ఉంచితే చర్మ రంధ్రాలు, కనుబొమల వెంట్రుకలు తిరిగొస్తాయి. ఎక్కువ పెడితే మళ్లీ ఆ ఒక్కరి ముఖమే పైకి తేలుతుంది. 20, 30 దాటకుండా చూసుకోండి.

ఎవరి ముఖాలు కలుపుతున్నారో వాళ్లకు చెప్పి చేయండి. కలిపిన ఫోటోని ఏ గుర్తింపు పత్రానికీ ఇవ్వకండి, సరదాకైనా. ఇద్దరి ముఖాలు కలిపిన ఒకే ఫోటోతో ఇద్దరూ ముఖాన్ని ఫోటోతో పోల్చి చూసే యంత్రాన్ని దాటేయొచ్చని 2014లోనే పరిశోధకులు చూపించారు. అప్పటి నుంచి పాస్‌పోర్ట్ ఫోటోల విషయంలో దీన్ని పెద్ద మోసంగానే చూస్తున్నారు.

పూర్తయిన ఫోటోతో పాటు లేయర్లున్న ఫైలు, చుక్కల ఫైలు కూడా దాచిపెట్టుకోండి. ఎందుకంటే ఆరో ఫోటో తప్పకుండా వస్తుంది. నా స్నేహితుడు సరిచేసిన ఫోటో చూసి సంతోషపడ్డ మూడో రోజునే, "మా పెదనాన్న కొడుకు కూడా మాతోనే పెరిగాడు, వాడినీ కలపగలవా" అన్నాడు. కింద ఉన్న అయిదింటినీ ముట్టుకోలేదు. కొత్త ఫోటోని అన్నిటి పైన పెట్టి, కళ్లూ మూతీ సర్ది, ఒపాసిటీ 17 చేశాను.